డి12492: ఎలుకలకి పెట్టే నీలం మేత మీద నా మార్కులు

ముందే చెప్పేస్తాను. ల్యాబ్ ఎలుకల మేతలు చేసే రీసెర్చ్ డైట్స్ కంపెనీ వాళ్ల డి12492కి, అంటే అరవై శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేతకి, నేనిచ్చే మార్కులు అయిదుకి మూడున్నర. చిట్టెలుకని లావు చెయ్యడమే మీ పనైతే నాలుగున్నర వేసుకోండి, ఈ పనిలో దీన్ని మించింది నేను చూడలేదు. ఆ లావు తగ్గించే మందుని నెలల తరబడి పరీక్షించడం మీ పనైతే, దీంతో పాటు దాని జత మేతని (పోల్చుకోవడానికి పెట్టే తక్కువ కొవ్వు మేతని) కొనకపోతే రెండు మార్కులు కూడా ఎక్కువే. డబ్బా అదే, గుళికలు అవే. మీరు దాన్ని అడిగే ప్రశ్నని బట్టి మార్కులు మారతాయి. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను హైదరాబాద్ శివార్లలో, శామీర్‌పేట దాటాక ఒక కాంట్రాక్ట్ ల్యాబ్‌లో ఇన్ వైవో విభాగంలో, అంటే బతికున్న జంతువుల మీద మందులు పరీక్షించే చోట పనిచేస్తాను. చదివింది ఎం.ఫార్మసీ, ఫార్మకాలజీ. "ఎలుకలకి మేత పెట్టడానికా నిన్నంత చదివించింది" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. నిజానికి ఆవిడ సరిగ్గానే పట్టుకుంది. స్థూలకాయం మందుల పరీక్షలో పనంతా మేత దగ్గరే ఉంటుంది. సూది వెయ్యడానికి ఒక్కో జంతువుకి నిమిషం పట్టదు. అది ఏం తింది, ఎంత తింది, ఎంత రాల్చింది అనేది తేల్చడానికి మాత్రం పొద్దంతా చాలదు. పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు, ఈ మధ్యే బరువు తగ్గించే మందుల వైపు మళ్లిన చిన్న కంపెనీల వాళ్లు "ఏ మేత కొనాలి మేడం" అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ల కోసం ఇది.

డబ్బా తెరవగానే కనిపించేది రంగు. గుళికలు నీలంగా ఉంటాయి. రుచికో అందానికో కాదు, మేతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా గుర్తు. నలభై అయిదు శాతం కొవ్వుండే డి12451 ఎర్రగా ఉంటుంది, పది శాతం కొవ్వుండే డి12450బి పసుపు. పగటి వెలుగులో ఇది మంచి ఏర్పాటే. కానీ మన ఎలుకలు తినేది రాత్రి పూట, మనం వాటి గదిలోకి పోయేది ఎర్ర దీపం వేసుకుని. ఆ దీపం కింద ఎర్ర గుళిక పాలిపోయి కనిపిస్తుంది, నీలం గుళిక నల్లగా కనిపిస్తుంది. కాబట్టి రంగుని నమ్ముకోకుండా కేజ్ కార్డు మీద మేత పేరు పెద్దక్షరాలతో రాయించండి.

రెండోది, మెత్తదనం. బరువులో దాదాపు 35 శాతం కొవ్వున్న గుళిక గట్టిగా ఉండమంటే ఎక్కడ ఉంటుంది? ఇది ఈ కంపెనీ లోపం కాదు, టెక్లాడ్ అనే ఇంకో కంపెనీ వాళ్ల టీడీ.06414 అయినా, ఇంకెవరి అరవై శాతం మేత అయినా ఇంతే. మా యానిమల్ హౌస్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న అన్న మొదటిసారి దీన్ని చేతిలోకి తీసుకుని, "మేడం, ఇది సున్నుండ లెక్క పట్టుకుంటనే ఇరుగుతుంది" అన్నాడు. ఎండాకాలంలో ఏసీ కాస్త బద్ధకించిందంటే గ్లవ్స్‌కి జిడ్డు అంటుకుంటుంది, హాపర్ (మేత పోసే బుట్ట) కమ్మీలకి అంటుకుంటుంది, చివరికి జంతువు బొచ్చుకీ అంటుకుంటుంది. అందులో ఎక్కువ భాగం పంది కొవ్వు. ఈ విషయం పనిచేసేవాళ్లకి ముందే చెప్పండి. రంజాన్ నెలలో ఈ మేత కేజ్‌ల డ్యూటీ వద్దన్న మనిషి మా దగ్గర ఉన్నాడు, వెంటనే మార్చాం. చెప్పకుండా చేయించడం పద్ధతి కాదు.

లోపల ఏముందో కంపెనీ దాచుకోదు, ఈ మేతలో నాకు బాగా నచ్చేది అదే. ఫార్ములా మొత్తం 773.85 గ్రాములు. అందులో 245 గ్రాములు పంది కొవ్వు, 25 గ్రాములు సోయా నూనె, 200 గ్రాములు కేసిన్, 125 గ్రాములు మాల్టోడెక్స్‌ట్రిన్, 68.8 గ్రాములు చక్కెర, 50 గ్రాములు సెల్యులోజ్, మిగతాది ఎక్కువగా ఖనిజాలు, విటమిన్లు. గ్రాముకి 5.24 కిలోకేలరీలు. కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచి, 20 ప్రోటీన్ నుంచి, 20 పిండిపదార్థాల నుంచి. మామూలు చౌ (ల్యాబ్ ఎలుకలకి రోజువారీ పెట్టే మేత) అలా కాదు. అది గోధుమ, మొక్కజొన్న, సోయా పిండి లాంటివాటితో చేసేది, పంట మారితే అదీ మారుతుంది. ఇక్కడ ప్రతి దినుసూ విడివిడిగా తూకం వేసి కలుపుతారు కాబట్టి రెండేళ్ల కిందటి స్టడీని ఇవాళ్టి స్టడీ పక్కన పెట్టుకోగలం.

లావు చేస్తుందా అంటే, చేస్తుంది, అనుమానం అక్కర్లేదు. ఆరు వారాల వయసున్న, సీ57బీఎల్/6జే అనే జాతి మగ చిట్టెలుకలకి పెట్టడం మొదలుపెట్టి, పన్నెండు నుంచి పదహారు వారాలు ఆగితే నలభై గ్రాములు దాటి కొన్ని యాభై దాకా పోతాయి. తక్కువ కొవ్వు తిన్నవి ముప్ఫై గ్రాముల దగ్గర ఆగిపోతాయి. ఇన్సులిన్ పెరుగుతుంది, కాలేయంలో కొవ్వు చేరుతుంది. ఈ జాతికి అధిక కొవ్వు మేత పెడితే స్థూలకాయంతో పాటు మధుమేహ లక్షణాలూ వస్తాయని సర్విట్ బృందం 1988లోనే చూపించింది. అప్పట్నుంచి లోకమంతా ఇదే దారి.

కానీ ఒకే అచ్చులో పోసినట్టుండే ఇన్‌బ్రెడ్ చిట్టెలుకల్లోనూ కొన్ని మొండిఘటాలు ఉంటాయి. పక్కది నలభై అయిదు గ్రాములకి పోతే ఇది ముప్ఫై మూడు దగ్గర కూర్చుంటుంది. పెద్ద ఎలుకల్లో, అంటే స్ప్రాగ్-డాలీ లాంటి అవుట్‌బ్రెడ్ (ఒకదాని జన్యువులు ఇంకోదానికి వేరుగా ఉండే) జాతుల్లో ఈ చీలిక ఇంకా స్పష్టం. కొన్ని లావెక్కుతాయి, కొన్ని అదే తిండి తిని ఎక్కవు. బ్యారీ లెవిన్ అనే శాస్త్రవేత్త ఈ రెండు రకాలనీ వేరుచేసి తరాల తరబడి పెంచాడు కూడా. కాబట్టి యాభై జంతువులు కావాలంటే యాభయ్యే కొని మేపకండి, పైన కొన్ని వేసుకోండి. లావెక్కనివాటిని ఏ బరువు దగ్గర పక్కన పెడతారో ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ప్రోటోకాల్‌లోనే రాసేయండి. మందు మొదలయ్యాక "ఇది అవుట్‌లయర్" అని తీసేసేవాళ్లని చాలామందిని చూశాను. అది నాకు నచ్చదు.

ఇక నా అసలు గొణుగుడు, కంట్రోల్ మేత గురించి.

డబ్బు మిగుల్చుకుందామని చాలా చోట్ల ఏం చేస్తారంటే, లావు గుంపుకి డి12492 కొంటారు, బక్క గుంపుకి గోదాంలో ఉన్న మామూలు చౌ వేసేస్తారు. తర్వాత "అధిక కొవ్వు వల్ల ఇలా అయింది" అని గ్రాఫులు గీస్తారు. కొవ్వు ఒక్కటే మారితే కదా ఆ మాట అనడానికి! చౌలో నీటిలో కరిగే పీచు ఉంటుంది, సోయా నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలు ఉంటాయి. నీలం గుళికలో ఉన్న పీచంతా సెల్యులోజే, పేగుల్లో బ్యాక్టీరియాకి అది పెద్దగా పనికిరాదు. రెండు గుంపుల పేగులూ వేరు, మలమూ వేరు, అందులో బతికే సూక్ష్మజీవులూ వేరు. మీ మందు పేగుల మీద పనిచేసేదైతే మీరు కొలుస్తున్నది దేన్ని?

సరైన జత డి12450జే. పది శాతం కొవ్వు, చక్కెర మాత్రం డి12492లో ఉన్నంతే, కేలరీల్లో సుమారు 7 శాతం. పాత డి12450బి కూడా పది శాతం కొవ్వు మేతే కానీ దాంట్లో 35 శాతం కేలరీలు చక్కెర నుంచే. అది తక్కువ కొవ్వు మేత అని పేరుకే, బక్క గుంపు పొద్దస్తమానం మిఠాయి తింటున్నట్టే లెక్క. పాత పేపర్లు చదివేటప్పుడు బి అని ఉందా, జే అని ఉందా అని ఆ ఒక్క అక్షరం చూడండి, చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి. జత మేత కొనడానికి బడ్జెట్ లేదంటారా, అయితే జంతువుల సంఖ్య ఇంకాస్త తగ్గే డిజైన్ చూసుకోండి, అంతేగానీ కంట్రోల్ దగ్గర పొదుపు చెయ్యకండి.

తూకం సంగతి. ఈ మేతతో ఎంత తిన్నదో కొలవడం నరకం. చిట్టెలుక దీన్ని రోజుకి రెండున్నర, మూడు గ్రాములు తింటుంది. మీ మందు ఆకలిని ఇరవై శాతం తగ్గించిందనుకోండి, మీరు పట్టుకోవాల్సిన తేడా అర గ్రాము. మెత్తని గుళికని అది కొరికి కింద పోసే పొడి ఒక్కోరోజు అంతకంటే ఎక్కువ ఉంటుంది. హాపర్ బరువు తగ్గింది కదా అని "తిన్నది" అని రాసుకుంటే, పొడి చేసే అలవాటున్న జంతువు మహా తిండిపోతుగా తేలుతుంది. కేజ్ అడుగున వేసే పరుపులోంచి జల్లెడ పట్టి పొడి ఏరాలి. అదీ గాక, పరుపు మొక్కజొన్న కంకి పొడి అయితే చిట్టెలుకలు ఆ పరుపునే తింటాయి. మందు ఇచ్చాక మేత తగ్గించి పరుపు ఎక్కువ తిన్నా మీకు తెలియదు. చెక్క పొట్టుకో కాగితం పరుపుకో మారండి. మారితే ఆటోక్లేవ్ (ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) ఖర్చు, చెత్త ఖర్చు పెరుగుతాయని మేనేజర్లు మూతి ముడుస్తారు, ముడవనివ్వండి.

మేత వారానికి కనీసం రెండుసార్లు మార్చాలి. కొవ్వు గాలి తగిలి కంపు కొడుతుంది, ముక్కుతోనే తెలుస్తుంది. కంపు కొట్టిన మేత జంతువు తక్కువ తింటుంది, మీరేమో మందు పనిచేసిందనుకుంటారు. ఎస్పీఎఫ్ (నిర్దిష్ట రోగక్రిములు లేని జంతువులుండే) గదులకి గామా కిరణాలు పట్టించిన రకం వస్తుంది, పేరు చివర ఐ అని ఉంటుంది. ఆటోక్లేవ్‌లో పెట్టే ఆలోచన మాత్రం చెయ్యకండి, బయటికొచ్చేది మేత కాదు, ముద్ద.

మందు మొదలుపెట్టే ముందు కనీసం ఒక వారం ఉత్తి వెహికల్‌తో, అంటే మందు లేని ద్రావణంతో అలవాటు చెయ్యాలి. రోజూ మెడ పట్టుకుని సూది గుచ్చితే ఏ మందూ లేకుండానే చిట్టెలుక బరువు తగ్గుతుంది. లావెక్కిన జంతువులో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఆ తగ్గుదల ఆగాకే లెక్క మొదలు. కొత్త మాలిక్యూల్ తెచ్చిన క్లయింట్ మొదటి మూడు రోజుల గ్రాఫ్ చూసి సంబరపడిపోతుంటే నేను పలకకుండా కూర్చుంటాను. ఒక్కో గ్రామూ మందుదో, మనిషి చేతి భయానిదో అప్పుడే ఎవరికి తెలుసు?

తక్కువ తిన్నది అంటే ఆకలి తగ్గిందనే కాదు, వికారం కూడా అయుండొచ్చు. ఎలుకలు వాంతి చేసుకోలేవు, వాటి ఒంటి నిర్మాణమే అంత. కడుపులో తిప్పితే పెద్ద ఎలుక మట్టి తింటుంది. అందుకని మేతతో పాటు కేఓలిన్ అనే తెల్లమట్టి గుళికలు కూడా పెట్టి, అవి ఎంత తగ్గాయో తూస్తాం. మేత తగ్గి, మట్టి పెరిగిందంటే మీ మందు ఆకలిని తగ్గించడమే కాదు, కడుపులో తిప్పుతోంది కూడా అయుండొచ్చు. సెమాగ్లూటైడ్ లాంటి జీఎల్‌పీ-1 మందులిచ్చినా ఎలుకలు మట్టి ఎక్కువే తింటాయి. మనుషుల్లో ఆ మందులకి వికారమే ముఖ్యమైన ఇబ్బంది కాబట్టి ఈ పరీక్ష ఉత్తుత్తిది కాదని నాకు నమ్మకం. చిట్టెలుకల్లో ఇది అంత నమ్మదగ్గట్టు పనిచెయ్యదు, పెద్ద ఎలుకల్లోనే చెయ్యండి.

ఇలాంటి కొవ్వు మేత తిని లావెక్కిన చిట్టెలుక మీద మందు వేస్తే ఫలితం ఎంత అందంగా వస్తుందో చెప్పడానికి రిమోనబాంట్ అనే బరువు తగ్గించే మందు కథ చాలు. 2003లో వచ్చిన పేపర్ ఒకటి ఉంది. అధిక కొవ్వు మేతతో లావు చేసిన చిట్టెలుకలకి కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున నోటి ద్వారా అయిదు వారాలు ఇచ్చారు. మొదటి వారం తిండి 48 శాతం తగ్గింది, ఆ తర్వాత మామూలైపోయింది. బరువు మాత్రం 20 శాతం తగ్గి అక్కడే నిలిచింది, ఒంట్లో కొవ్వు సగానికి పడిపోయింది. ఏ క్లయింట్‌కి ఇలాంటి గ్రాఫ్ ఇచ్చినా పూలదండ వేస్తాడు. తిండి మామూలయ్యాక కూడా బరువు ఎందుకు తగ్గి ఉంది, తిండి తగ్గడమేనా, ఖర్చు పెరగడం కూడానా అని తేల్చడానికి పెయిర్-ఫెడ్ గుంపు కావాలి. అంటే మందు తీసుకున్న జంతువు నిన్న ఎంత తిందో అంతే మేత, మందు లేని జంతువుకి ఇవాళ పెట్టడం. చాలా శ్రమ. పైగా ఆ పేద జంతువు పెట్టిందంతా గంటలో తినేసి మిగతా పొద్దంతా ఆకలితో ఉంటుంది, కాబట్టి విడతలుగా పెట్టాలి. అయినా ఈ గుంపు లేని స్టడీని నేను సగం స్టడీ అనే అంటాను.

ఆ రిమోనబాంట్ 2006లో యూరప్‌లో అమ్మకానికొచ్చింది. 2008 అక్టోబర్లో ఆపేశారు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల వల్ల. మన దేశంలోనూ తర్వాత నిషేధించారు. నీలం గుళిక తిన్న చిట్టెలుకకి దిగులుగా ఉందో లేదో తూకం మెషిన్ చెప్పదు. ఇది మేత తప్పు కాదు. కానీ ఈ మేత మీద గ్రాఫ్ బాగుంది కాబట్టి మందు బాగుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందుకే ఎత్తాను.

గది వేడి గురించి కూడా ఒక మాట. మన యానిమల్ హౌస్‌లో 22 డిగ్రీలు పెడతాం, ఏప్రన్ వేసుకున్న మనకి అది సుఖం. బట్టల్లేని చిట్టెలుకకి సుఖం 30 దగ్గర. 22లో అది తిన్నదాంట్లో పెద్ద వాటా ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే కాల్చేస్తుంది. కేలరీలు కాల్చే రకం మందుల్ని అక్కడ పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. బీటా-3 గ్రాహకాల మీద పనిచేసే మందులు చిట్టెలుకల గోధుమరంగు కొవ్వుని మండించి అద్భుతాలు చేశాయి, మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ అద్భుతం కనిపించలేదు.

"లాంగ్ టర్మ్" అనే మాటని ఇప్పుడు అందరూ వాడుతున్నారు. పన్నెండు వారాలు మేపి, నాలుగు వారాలు మందిచ్చి, లాంగ్ టర్మ్ అంటారు. మందు వేశాక బరువు తగ్గి, ఒక చోట ఆగుతుంది. ఆగాక ఏం జరుగుతుందో, మందు మానేస్తే ఎన్నాళ్లలో తిరిగొస్తుందో నాలుగు వారాల్లో తెలియదు. ఎనిమిది వారాలైనా ఇవ్వండి, చివర మందు ఆపి ఇంకో నాలుగు వారాలు చూడండి. సెమాగ్లూటైడ్ లాంటివాటిని పోలిక కోసం పెడుతుంటే ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మనిషిలో దాని అర్ధాయువు వారం, చిట్టెలుకలో గంటలే. వారానికో సూది అని డబ్బా మీద ఉంది కదా అని వారానికోసారి వేస్తే పోలిక గుంపులో ఏమీ జరగదు, మీ మాలిక్యూల్ అనవసరంగా హీరో అవుతుంది. రోజూ వెయ్యాలి.

ఇక నిజంగా పొడుగాటివి రెండేళ్ల స్టడీలు. ఎలుక బతుకంతా మందిచ్చి గడ్డలు చూసేవి. స్థూలకాయం మందుల తలరాత చాలాసార్లు అక్కడే రాసుంటుంది. జీఎల్‌పీ-1 రకం మందైన లిరాగ్లూటైడ్‌కి ఎలుకల్లో, చిట్టెలుకల్లో థైరాయిడ్ సీ-కణాల గడ్డలు వచ్చాయి. ఎలుకల థైరాయిడ్‌లో జీఎల్‌పీ-1 గ్రాహకాలు మనిషిలో కంటే చాలా ఎక్కువ అని తర్వాత చూపించారు, అయినా అమెరికా లేబుల్ మీద నల్లగీతల పెట్టెలో వేసే గట్టి హెచ్చరిక (బాక్స్‌డ్ వార్నింగ్) ఉండిపోయింది. ఆ కుటుంబంలో తర్వాత వచ్చిన సెమాగ్లూటైడ్ మీదా, టిర్జెపటైడ్ మీదా అదే హెచ్చరిక. లోర్కాసెరిన్ అనే ఇంకో బరువు తగ్గించే మందుది ఇంకో కథ. రెండేళ్ల స్టడీలో ఎలుకలకి రొమ్ము గడ్డలు, మెదడు గడ్డలు ఎక్కువయ్యాయని 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెనక్కి పంపింది. కంపెనీ ఇంకా వివరాలిచ్చాక 2012లో ఒప్పుకుంది. 12,000 మంది మీద చేసిన పెద్ద ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లలో 7.7 శాతానికి, తీసుకోనివాళ్లలో 7.1 శాతానికి కేన్సర్ తేలింది. 2020 ఫిబ్రవరిలో మార్కెట్ నుంచి తీయించారు. ఒకచోట ఎలుక మాట మనిషికి అంతగా వర్తించలేదు, ఇంకోచోట ఎలుక ముందే చెప్పిందేమో అనిపిస్తుంది. ముందుగా ఏది ఏదో చెప్పగలిగినవాళ్లని నేనింకా కలవలేదు.

ఆ రెండేళ్ల పనికి డి12492 కొనాలా? వద్దు. ఇష్టమొచ్చినంత తినే ఎలుక మామూలు చౌ మీదే లావెక్కి, కిడ్నీలు పాడై, గడ్డలొచ్చి త్వరగా పోతుంది. ఆ బెడద తగ్గించడానికే అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం పాత ఎన్‌ఐహెచ్-07 మేతని వదిలి, ప్రోటీన్ తగ్గించి పీచు పెంచిన ఎన్‌టీపీ-2000 తెచ్చుకుంది. అలాంటిచోట అరవై శాతం కొవ్వు పెడితే రెండేళ్ల చివరికి ఎన్ని మిగులుతాయి? దీనికి తోడు ఒక తమాషా ఉంది. బరువు తగ్గించే మందు తీసుకున్న ఎలుక సన్నబడుతుంది, సన్నటి ఎలుకకి రొమ్ము గడ్డలు, పిట్యూటరీ గడ్డలు మామూలుగానే తక్కువ. మందు వల్ల గడ్డలు పెరుగుతున్నా, సన్నదనం వాటిని తగ్గించి లెక్క సమం చేసేయొచ్చు. సంతకం పెట్టే ముందు ఈ రెండు గీతల్నీ విడదీసి చూడమని టాక్సికాలజీ వాళ్లని అడగండి.

ప్రత్యామ్నాయాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఎరుపు రంగు డి12451 నలభై అయిదు శాతం కొవ్వు, గ్రాముకి 4.73 కిలోకేలరీలు. గుళిక కాస్త గట్టి, తూకానికి హాయి, లావెక్కడం కాస్త నెమ్మది. పెద్ద ఎలుకలకి నేను దీన్నే ఎంచుకుంటాను. మనుషుల తిండికీ ఇదే దగ్గర, అరవై శాతం కొవ్వు తినేవాళ్లు ఎవరున్నారు? మన ఇళ్లలో కేలరీలు అన్నం నుంచి వస్తాయి, నీలం గుళికలో పిండిపదార్థం వాటా ఇరవయ్యే. మన పొట్టలకి మందు కనిపెడుతున్నాం అనుకునేవాళ్లు ఈ ఒక్క తేడా గురించి కాసేపు ఆలోచించాలి. బిస్కెట్లు, చిప్స్, చాక్లెట్ పెట్టే కెఫెటేరియా మేత 1976లో స్క్లఫానీ అనే పరిశోధకుడు చూపించినప్పటి నుంచీ ఉంది. ఎలుకలు భలే లావెక్కుతాయి, కానీ ఏది ఎంత తిందో తేల్చడం దేవుడి వల్ల కూడా కాదు.

కాలేజీ ల్యాబుల్లో వనస్పతి, కొబ్బరినూనె మూడుకి ఒకటి పాళ్లలో కలిపి నోట్లో పోసే పద్ధతి చాలా ఉంది. చవక. కానీ అది మేత కాదు, బలవంతపు తిండి. ఆకలి మందుని దాని మీద పరీక్షించడంలో అర్థం లేదు. చేతిలో డబ్బు లేనివాళ్లు అంతకంటే 2005లో మొహాలీలోని ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ నైపర్ వాళ్లు ఇచ్చిన పద్ధతి చూడండి. 58 శాతం కొవ్వు మేత అక్కడే కలుపుకుని, తక్కువ మోతాదు స్ట్రెప్టోజోటోసిన్ (ఇన్సులిన్ చేసే కణాల్ని దెబ్బతీసే రసాయనం) జోడించారు. అది మధుమేహం మోడల్, స్థూలకాయానికి కాదు. అయినా మేత ఇక్కడే కలుపుకోవచ్చని తెలుస్తుంది.

మన ఊళ్లోనే ఇంకొకటి ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్ వాళ్ల డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ ఎలుక. వాళ్ల విస్టార్ జాతి ఎలుకల కాలనీలో తనంతట తానే పుట్టిన లావు రకం, గిరిధరన్ బృందం 1990లలో గుర్తించి నిలబెట్టింది. ఏ కొవ్వు మేతా అక్కర్లేదు, మామూలు చౌతోనే గుండ్రంగా తయారవుతుంది. జన్యువు వల్ల వచ్చిన లావు కాబట్టి "తిండి వల్ల లావెక్కినవాళ్లకి మందు" అనే ప్రశ్నకి ఇది సరిగ్గా సరిపోదు, కానీ మేత దిగుమతి తలనొప్పి ఉండదు. ఆ సంస్థ మూలాలు ఉన్నవి కూనూరులో. అక్కడ మెకారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1920లలో దేశంలో ఒక్కో ప్రాంతపు తిండినీ ఒక్కో ఎలుకల గుంపుకి పెట్టి చూశాడు. చపాతీ, పాలు, వెన్న, పప్పు, కూరగాయలతో సిక్కుల తిండి తిన్నవి ముందు నిలిచాయి. పాలిష్ బియ్యం మీద బతికిన మద్రాసు తిండివి అట్టడుగున. 1958లో ఆ సంస్థ హైదరాబాద్ వచ్చింది. ఎలుకకి ఏం పెడుతున్నామో అదే ప్రయోగం అన్న సంగతి ఈ ఊరికి కొత్త కాదు.

కొనేవాళ్లకి. సరుకు న్యూజెర్సీ నుంచి రావాలి. పంది కొవ్వు ఉంది కాబట్టి కాగితాలు ఎక్కువ, మామూలు చౌతో పోలిస్తే ఖర్చు ఎన్నో రెట్లు. ఒకసారి మధ్యలో ఒక క్లియరింగ్ ఏజెంట్ పుణ్యమా అని మా డబ్బాలు ఎండలో గోదాంలో ఉండిపోయాయి. వచ్చాక తెరిస్తే వాసన, మొత్తం పారబోశాం. కోల్డ్ చెయిన్ గురించి ఆర్డర్లోనే రాయించుకోండి, వచ్చిన రోజే ఒక గుళిక విరిచి వాసన చూడండి. ఫ్రిజ్‌లో పెట్టండి, నెలలు ఉంచాలంటే ఫ్రీజర్లో. జంతువుకి రోజుకి మూడు గ్రాములు అని లెక్కేసి, పొడికీ పారబోతకీ సగం కలపండి. యాభై చిట్టెలుకలు, ఇరవై నాలుగు వారాలు అనుకుంటే తిండికే పాతిక కిలోలు దాటుతుంది, ఆర్డర్ ముప్ఫై ఎనిమిది దాకా పోతుంది. జత మేత డి12450జే కూడా ఈ ఆర్డర్లోనే, దాన్ని కాస్త ఎక్కువే పెట్టాలి, గ్రాముకి కేలరీలు తక్కువ కదా. స్టడీ మధ్యలో లాట్ (ఒకేసారి తయారైన సరుకు) మారకుండా మొత్తం ఒకే లాట్ కావాలని అడగండి. ఆ లాట్ నంబర్ రా డేటాలో మొదటి పేజీలో ఎక్కించండి, క్యూఏ (నాణ్యత తనిఖీ) వాళ్లు మొదట అడిగేది అదే.